సీసాలోంచి వదిలిన కందిరీగలు

థోంగ్‌బై పోయిన నూరోనాడు అతని పేరున పుణ్యం చేయడానికి ఊరివాళ్లు గుడి వెనక కాలువలో మలుగు చేపల్ని వదిలారు. భార్య సైబువా మాత్రం గళ్ల తువ్వాల్లో చుట్టిన సీసా ఒకటి తెచ్చి, మూతికి కట్టిన గుడ్డ విప్పేసింది. చీమ తలంతేసి కందిరీగలు గాలిలో కలిసిపోయాయి.

"మతి పోయిందటే నీకు? దోమల్ని వదిలితే పుణ్యమేంటే?" అంది ఆడపడుచు లమాయి.

"మీ తమ్ముడికి మలుగులంటే కూరలో ఇష్టం వదినా. ఇవంటే ప్రాణం."

ఆ ఊళ్లో అందరూ పట్టుపురుగులు పెంచేవాళ్లే. పట్టుపురుగుకు యముడు ఊజీ ఈగ. దాని పిల్ల పట్టుపురుగును లోపల్నుంచి తిని, నేలమీద పడి, గోధుమరంగు గింజలా గట్టిపడుతుంది. థోంగ్‌బై ఆ గింజల్ని కాల్చేద్దామని సీసాలో పోసి మరిచిపోయాడు. వాటిలోంచి ఈగలకు బదులు ఈ కందిరీగలు వచ్చాయి. ఈగను తినేవి! పట్నం నుంచి పురుగుల టీచరమ్మ నిరమోన్ వచ్చి, ఇలాంటిదాని గురించి ఇంతవరకూ ఎవరూ రాయలేదంది. సీసాలో చచ్చినవన్నీ ఆడవే, మగది దొరికితేగాని రాత పూర్తికాదని సీసాను మళ్లీ నింపించింది. ఆ సీసా చూస్తూ చూస్తూనే థోంగ్‌బై జ్వరంతో కన్నుమూశాడు. ఆ తర్వాత దాన్ని నింపుతూ రావడం సైబువా పనైంది.

ఖాళీ సీసా చూసి టీచరమ్మ అరుగుమీద కూలబడింది.

"ఎంత పని చేశావమ్మా! చలికాలం దాటితే నన్ను వేరే పనికి మార్చేస్తారు. ఇంక దీని సంగతి ఎవరికీ పట్టదు."

"వదిలాను గానీ పారెయ్యలేదు టీచరమ్మా. ఆకలేస్తే ఎక్కడికి పోతాయి? ఈగలున్న చోటికేగా!"

ఆ మర్నాటినుంచి సైబువా ఇంటింటికీ తిరిగి ఈగ గింజలు అడుక్కొచ్చింది. నవ్వినవాళ్లు నవ్వారు. వాటిని దోమతెర గుడ్డలో కట్టి పురుగుల తట్టల కింద వేలాడదీసింది. ఆ కన్నాల్లోంచి ఈగ బయటికి పట్టదు, కందిరీగ లోపలికి పోగలదు.

"మన కొంపలో ఈగల్ని మేపుతోంది చూడండర్రా!" అని లమాయి ఊరంతా చాటింది. సైబువా మూటలు విప్పలేదు.

వానలు వెనకబట్టాక ఒక పొద్దున మూటలోంచి కందిరీగలు బయటపడ్డాయి. కబురందుకుని వచ్చిన టీచరమ్మ భూతద్దంలోంచి చూస్తూ కేకేసింది.

"మగది! మీసాలు చూడు, కోడి ఈకల్లా!"

దాన్ని చెడకుండా దాచడానికి ఆమె సారాయి సీసా తీసేసరికి లమాయి అడ్డంపడింది.

"ఆగండి! నా తమ్ముడి పేరున వదిలినవాటి పిల్లలివి. పట్టి చంపుతారా? వాడికిచ్చిన పుణ్యం వెనక్కి లాక్కుంటారా?"

టీచరమ్మ చెయ్యి ఆగిపోయింది. పెరట్లో లమాయి పొయ్యిమీద పట్టుకాయలు కుతకుతమంటున్నాయి. పట్టుదారం తీసేశాక తినడానికి మిగిల్చిన పురుగులు పళ్లెంలో ఆవిర్లు కక్కుతున్నాయి.

"మీ కుండలో ఉడికేవి ఎవరి పుణ్యానికి వదినా?" అంది సైబువా. గొంతు పెంచలేదు. "ఆ కుండ మీదే నేనూ బతికాను, కాదనను. మీ తమ్ముడు కనిపెట్టినదాన్ని లోకంలో లేనట్టే ఉంచెయ్యమంటారా? అలా ఉంచను. ఈ పాపం నాది, రాసుకోమనండి నా ఖాతాలో."

మగదాన్ని తనే కుంచె కొసతో తీసి సారాయిలో ముంచింది. ఒక ఆడదాన్నీ ముంచింది. మిగతా మూట మల్బరీ చెట్లకేసి దులిపేసింది.

"దీనికి ఆయన పేరే పెడదామా?" అని అడిగింది టీచరమ్మ మెల్లగా.

"పేరు తర్వాత. ముందు ఆ మీసాల సంగతి సరిగ్గా రాయండి. ఆయన చూడకుండానే పోయాడు."

సైబువా పెరట్లోకి వెళ్లి, లమాయి పళ్లెంలోంచి ఒక పురుగు తీసుకుని, ఆడపడుచు కళ్లలోకి చూస్తూ నమిలింది.

"ఉప్పు తక్కువైంది వదినా."