తిరుమలగిరి షోగన్

మా మనవరాలు బడికోసం అట్టతో జపాను యోధుడి టోపీ చేస్తోంది. ఇల్లంతా మైదా జిగురు వాసన. "చిన్నప్పుడు జపాను చరిత్ర చెప్పి స్కూళ్ల ఇన్‌స్పెక్టర్‌నే వణికించాను" అన్నాను.

పోలీస్ యాక్షన్ జరిగి మిలిటరీ పాలన వచ్చిన కొత్త. నేను సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలో ఏడో తరగతి. గుంటూరు నుంచి వచ్చిన దానియేలు మాస్టారు పాత జపాను పాఠం చెప్పారు. చక్రవర్తి పేరుకే రాజు, సైన్యం చేతిలో ఉన్న షోగన్‌దే పెత్తనం. మా నాన్న ఇంట్లో గొంతు తగ్గించి అనేదీ అదే: "నవాబు గద్దె మీదనే ఉన్నడు, హుకుం జనరల్‌ది." మాస్టారు మన సంగతే పేర్లు మార్చి చెబుతున్నారనుకున్నాను.

మర్నాడు తనిఖీ. మాస్టారి ఉద్యోగం నిలిచేదీ ఊడేదీ ఇన్‌స్పెక్టర్ మాట మీదే. ఆయన నన్నే లేపాడు.

"షోగన్ అంటె ఎవరు రా?"

"ఫౌజుకు పెద్ద, సార్. రాజు ఉత్తగ కూసుంటడు."

"ఏడ ఉంటడు?"

"తిరుమలగిరి ఫౌజు క్యాంపుల, సార్. పొద్దుగాల జీపుల పోతుంటె చూసిన."

మాస్టారు నల్లబల్ల వైపు తిరిగి, ఏమీ రాయని చోట తుడవసాగారు.

ఇన్‌స్పెక్టర్ వణికాడన్నది నా కల్పన. ఆయన నిదానంగా వెళ్లి కిటికీ మూసి వచ్చాడు. "పిలగానికి జెర చెవుడున్నట్టుంది, అడిగింది సమజ్ కాలే. మీరు పాఠం మంచిగనే చెప్తున్నరు, మాస్టర్ సాబ్" అన్నాడు. నాకు చెవుడు లేదని చెప్పబోతే మాస్టారు నా భుజం నొక్కారు.

జవాబు తప్పయిందని చాలాకాలం బాధపడ్డాను. తప్పు జవాబుకు ఎవరూ కిటికీ మూయరని తర్వాతెప్పుడో తెలిసింది.