తడికకు ఇవతల పొగ

పాపకు ఏడాది నిండకముందే దగ్గు పట్టుకుంది. ఆసుపత్రిలో డాక్టరుగారు ఛాతీ విని, ఇంట్లో పొగ ఉంటుందా అని అడిగారు. ఉంటుందన్నాను. పొగకు దూరంగా ఉంచండి, లేకపోతే ఇది ఆయాసంలోకి దిగుతుంది అన్నారు. ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చి మొదట నా పొగే ఆపాను. తలంటు పోశాక నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, ఆ పొగలో పాప తల ఆరబెట్టడం మా అత్తగారు నేర్పిన పద్ధతి. మానేశానని తెలిసి ఆవిడ మూతి ముడిచారు. “మీ ఆయన ఆ పొగలోనే పెరిగాడమ్మా. అంత పొడుగూ ఎలా అయ్యాడనుకున్నావు?”

సాంబ్రాణి ఆపినా దగ్గు ఆగలేదు.

అప్పుడు మేం గోదావరి ఒడ్డున ఫరంపేటలో అద్దెకుండేవాళ్ళం. ముందు ఇంటివాళ్ళ మేడ, దాని వెనక మా రెండు గదులు, కాస్త పెరడు. పెరడు దాటితే తాటాకు ఇళ్ళ వరస. ఇంటివాళ్ళది బియ్యం వ్యాపారం. కొత్తగా రొయ్యల చెరువులు కూడా తవ్వించారు. వెనక వరసలోవాళ్ళు కొందరు వేటకు, కొందరు ఆ చెరువుల మీద కూలికి వెళ్ళేవారు. సాయంత్రం అయ్యేసరికి వాళ్ళ పొయ్యిలన్నీ ఒకేసారి రాజుకునేవి. కొబ్బరి మట్టలు, సరుగుడు పుల్లలు, పిడకలు. ఆ పొగ మా పెరట్లోకి వచ్చేది. కళ్ళకు కనపడే పొగ అదే కాబట్టి దోషం దానిదే అనుకున్నాం.

మేడలో ఇంటావిణ్ణి పిన్నిగారు అనేదాన్ని. మంచి మనిషి. కూర వండితే గిన్నెడు పంపేవారు. పాప దగ్గు విని ఆవిడే వచ్చారు.

“వెనకాళ్ళు ఏవి పడితే అవి కాలుస్తారే అమ్మాయ్. పసిపిల్ల ఉన్న కొంపకి ఆ పొగ పనికొస్తుందా? మీ బాబాయిగారితో చెప్పి తడిక కట్టిస్తానుండు.”

అన్నట్టే కట్టించారు. మనిషెత్తు దాటిన తాటాకు తడిక, సందు లేకుండా గోడ కట్టినట్టు. దాన్ని పాతుతుంటే వెనక మొదటి ఇంట్లో ఆమె, ఇంటివాళ్ళ చెరువు మీదే కూలికి వెళ్ళే మనిషి, నడుం మీద చెయ్యి పెట్టుకుని చూస్తూ నిలబడింది. ఆమెకూ మా పాపకంటే కొంచెం పెద్ద మగపిల్లాడున్నాడు.

“ఏటండి అమ్మగారూ, మా చేపల పులుసు వాసనకి నోరూరిపోతందని కట్టించేసేరా?”

“పాపకి దగ్గక్కా. పొగ పడకూడదన్నారు.”

“అలాగైతే కట్టుకోండి మరి. పులుసు మటుకు తడిక మీంచి అందిస్తాన్లెండి.”

తడిక కట్టాక దగ్గు తగ్గకపోగా పెరిగింది. పెరట్లో గాలి ఆడటం మానేసింది. ఎండలు ముదురుతున్నాయి, అందుకేనేమో అనుకున్నాను. రోజూ మధ్యాహ్నం కరెంటు పోయేది. మేడలో ఏసీ పెట్టించారు, దానికోసం జనరేటరు కొన్నారు. మేడకీ మాకూ మధ్య సందులో దాన్ని దింపారు. గొట్టం వాళ్ళ వైపు పొగ రాకుండా ఇటు తిప్పి పెట్టారు. దాని చప్పుడుకు పాప ఉలిక్కిపడుతుందని తలుపులు మూసేదాన్ని. నేను విసుక్కున్నది ఆ చప్పుడు గురించే.

గుడ్ ఫ్రైడే ముందు రోజు వెనకింటామె తడిక అవతలినుంచి కేకేసింది.

“రేపు మేం పొయ్యెలిగించమండి. ఉపవాసం. రేపు మీ పాపాయికే పండగ.”

మర్నాడు వెనక వరసంతా తెల్లబట్టలు కట్టుకుని చర్చికి వెళ్ళిపోయింది. ఆ నిశ్శబ్దానికి నాకు సంతోషమేసింది. ఇవాళ పిల్ల హాయిగా నిద్రపోతుందనుకున్నాను. మా ఆయన సెలవని వాళ్ళ అమ్మగారిని చూడ్డానికి వెళ్ళారు. మధ్యాహ్నం కరెంటు పోయింది, జనరేటరు మొదలైంది. కాసేపటికి పాప దగ్గుతూ లేచింది. అంతకుముందెప్పుడూ అంత దగ్గలేదు. పక్కటెముకలు లోపలికి లాగుతున్నాయి, పెదాల చుట్టూ రంగు మారింది. ఎత్తుకుని గాలికోసం పెరట్లోకి పరిగెత్తాను. అక్కడ ఇంకా ఘాటుగా ఉంది. బట్టలుతికే బండ మీదెక్కి తడిక పైనుంచి అవతలికి చూశాను. ఏ ఇంట్లోనూ మనిషి లేడు. మొదటింటి బయట పొయ్యిలో, చల్లారిన బూడిదలో, కోడిపెట్ట పొదిగినట్టు పడుకుని ఉంది.

అప్పుడు వెనక్కి తిరిగాను. సందులోంచి నల్లటి పొగ నేలబారుగా వచ్చి, తడిక దాకా వెళ్ళి, దారి లేక మళ్ళీ మా గుమ్మంవైపే తిరుగుతోంది.

పాపను భుజాన వేసుకుని వీధి చుట్టి తడిక అవతలికే వెళ్ళాను. పిలవడానికి ఎవరూ లేరు. మొదటింటి అరుగు మీద కూర్చున్నాను. గోదావరి మీంచి గాలి వస్తోంది. వీపు నిమురుతూ కూర్చుంటే ఊపిరి మెల్లగా దారిలో పడింది. పాప నా భుజం మీదే నిద్రపోయింది. కదిలితే మళ్ళీ మొదలవుతుందని భయపడి, ఆరాధన అయిపోయి వాళ్ళు తిరిగొచ్చేదాకా అలాగే ఉండిపోయాను.

“ఇదేటండి బాబూ, మా ఇంటికి చుట్టాలొచ్చేరు!” అంది ఆమె. పాప మొహం చూసి గొంతు తగ్గించింది. “మజ్జిగిద్దామన్నా లేదండి ఇయ్యాల.”

“నీ పొయ్యి కాదక్కా,” అన్నాను. “ఆ జనరేటరు.”

ఆమె ఆశ్చర్యపోలేదు. “మాకు తెల్దేటండి? కానీ ఆ చెరువు మీదేగా నా కూలి,” అంది.

ఆ సాయంత్రమే మేడకు వెళ్ళాను.

“జనరేటరు పొగా?” పిన్నిగారు నమ్మలేదు. “అది డీజిలే అమ్మాయ్, కట్టెల పొగలా కళ్ళు మండవు కదా. అయినా అంత ఇబ్బందైతే పాపని తెచ్చి మా ఏసీ గదిలో పడుకోబెట్టు. నువ్వేం పరాయిదానివా?”

ఆవిడ మనస్ఫూర్తిగానే అన్నారు. ఆ గది తలుపు తీసినప్పుడు వచ్చిన చల్లగాలికి నా ఒళ్ళు కూడా ఒక్క క్షణం ఆశపడింది. గొట్టం మేడ మీదికి ఎత్తించమని అడిగాను. డాబా మీద ఆరేసిన బట్టలు మసెక్కుతాయన్నారు.

“పోనీ తడిక పీకించేస్తాను. పొగ వెనక్కి పోతుంది.”

“వెనక పిల్లలున్నారు పిన్నిగారూ.”

“వాళ్ళకి పొగ అలవాటేనే.”

ఇంటికొచ్చి ఇదంతా ఆయనకు చెప్పాను. ఆయన గవర్నమెంటు ఆఫీసులో గుమస్తా. గొడవలంటే భయం. నన్ను మళ్ళించాలని చేతిలో పేపరు చూపించారు. మనిషి బొగ్గూ, నూనెలూ విపరీతంగా కాలుస్తున్నాడనీ, గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగి భూమి వేడెక్కుతోందనీ రాశారు. కాలేజీలో కెమిస్ట్రీ చదివినదాన్ని, విషయం అర్థమైంది. ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను.

“ఏ మనిషండీ?”

“అదేం ప్రశ్న? మనిషంటే అందరూనూ.”

“మన కిరసనాయిలు స్టవ్వూ, వెనకామె పుల్లల పొయ్యీ, వాళ్ళ కార్లూ లారీలూ జనరేటరూ, అన్నీ కలిపి ఒక్క మనిషేనా?”

“పేపరువాళ్ళని అడుగు,” అని ఆయన నవ్వారు. కానీ ఆ రాత్రి పాప పక్కన ఆయన కూడా కూర్చున్నారు. సోమవారం ఆఫీసునుంచి వస్తూ ఇల్లు చూసొచ్చానన్నారు.

కనకాలపేటలో దొరికిన ఇల్లు ఒకటే గది, మీద పెంకులు. వర్షానికి ఒక మూల కారుతుంది. సామాను బండికెక్కిస్తుంటే పిన్నిగారు కళ్ళనీళ్ళు పెట్టుకుని పాప చేతిలో బిస్కెట్లు పెట్టారు. ఆవిడమీద నాకు కోపం రాలేదు. వస్తే బాగుండేదనిపించింది.

వెనకింటామె పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చింది. వాడి ముక్కు కారుతోంది. మేం ఇల్లు మారగలిగాం కాబట్టి మారుతున్నాం. ఆమె ఎక్కడికి మారుతుంది?

“అమ్మగారూ, ఆ తడిక పీకేస్తారంట. నాకిప్పించండి.”

“దేనికక్కా?”

“మా గుమ్మానికి అడ్డం కట్టుకుంటాను. ఆ పొగంతా ఇంక మా కాడికే వస్తాది కదా.”

“తడికకి పొగ ఆగదు. చూశావుగా.”

“ఆగకపోతే పొయ్యిలో పెట్టుకుంటానండి. వానాకాలంలో మూడు పూటలు వండుకోవచ్చు,” అని నవ్వింది.

పిన్నిగారిని అడిగి తడిక ఇప్పించాను. మా ఆయన ఒక వైపు, ఆమె ఒక వైపు పట్టుకుని వీధి చుట్టి తీసుకెళ్ళారు. పిల్లాణ్ణి అంతసేపూ నేనెత్తుకున్నాను. వాడు నా మెడ మీద తల వాల్చాడు. మా పాపకు విన్నట్టే, నాకు తెలియకుండానే, వాడి ఊపిరి వింటున్నాను. లోపల సన్నగా, అప్పుడప్పుడే మొదలైన పిల్లికూత ఉంది. ఆమె తిరిగి రాగానే చెప్పాను, డాక్టరుగారికి చూపించమని.

“చెరువు మీద పని లేనప్పుడు ఎల్తానండి,” అంది.

ఇది రాస్తుంటే ఇక్కడ కరెంటు పోయింది. లాంతరు వెలిగించుకున్నాను. వీధి మొత్తం ఒకేలా చీకటి. పాప కదలకుండా నిద్రపోతోంది. రేపు ఆదివారం, చెరువు మీద పని ఉండదు. పొద్దున్నే ఫరంపేట వెళ్ళి వాళ్ళిద్దర్నీ నేనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆదివారం చర్చి ఉందంటుందేమో. అయ్యేదాకా ఆ అరుగు మీదే కూర్చుంటాను.