బోర్లించిన మోదుగ దొప్ప

మనవరాలు ఉట్నూరు నుంచి తెచ్చిన ఇప్పపువ్వు లడ్డూల డబ్బా మూత తీయగానే గదంతా ఆ వాసన కమ్ముకుంది. బెల్లం పాకంలో తడిసిన ఎండుగడ్డి వాసన, దాని అడుగున ఎక్కడో రవ్వంత పులుపు. వయసు నా కళ్లనూ చెవులనూ వంతులవారీగా పింఛనుకు పంపించింది గానీ ముక్కు ఇంకా డ్యూటీలోనే ఉంది. ఆ వాసన వెంట మా రాజలింగం సారు వచ్చి, గడప దగ్గర చెప్పులు విడిచి, నా ఎదురుగా కూర్చున్నట్టయింది. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను ఉట్నూరు కచేరీలో గుమాస్తాగా చేరాను. సిరిసిల్ల మగ్గాల ఇంటివాణ్ణి. తెగిన పోగు ముడివేయడం తప్ప నాకు లోకం తెలియదు, అడవి అసలే తెలియదు. రాజలింగం సారు మా పై అధికారి, వేములవాడ దిక్కు మనిషి. వారమంతా కచేరీలో సారు. ఇప్పపువ్వు కాలం దాటాక, ఆదివారం సాయంత్రాలు ఆయన ఇంటి అరుగు మీద ఆ పువ్వుతో కాచిన సారా. కానీ దాన్ని తాగుడు అననిచ్చేవారు కాదు. 'రుచి సూసుడు' అనాలి. జైనూరు దిక్కు నుంచి ఒక సీసా, కడెం పక్క నుంచి ఒకటి, గూడెం పెద్ద జంగు పటేలు స్వయంగా కాచి తెచ్చేది ఒకటి. చాప మీద మనిషికో మోదుగాకు దొప్ప, మధ్యలో వేడివేడి శనగ గుడాలు. ముందుగా నేలతల్లికి నాలుగు చుక్కలు వంచాలి. దాన్ని మా దిక్కున సాక పోయడం అంటారు. తరువాత వాసన. నాలుక వంతు చిట్టచివర. సీసాకూ సీసాకూ నడుమ నోరు శుభ్రపడేందుకు ఒక ముద్ద జొన్న గటక.

మొదటినాడు నేను దొప్ప ఎత్తి ఒక్క గుక్కలో మింగేశాను.

"ఏమయ్యా గుమస్తా, కషాయం తాగినట్టు తాగినవేంది? జర ఆగు. అది నీకేదో చెప్తుంటది, ఇను" అన్నారు సారు.

పై అధికారి మాట కదా, రెండో దొప్పను చెవి దగ్గర పెట్టుకున్నాను. నవ్వి నవ్వి జంగు పటేలుకు పొరపోయింది. ఆ తరువాతా నేను పెద్దగా బాగుపడలేదు. నాది గుమాస్తా నాలుక. ఏ సీసాకైనా 'చిత్తం' అనడమే దానికి తెలుసు.

ఆ అరుగుకు వెలుగు శంకర్‌రావు పట్వారీ. ఆదిలాబాద్ అవతల మరాఠీ మాట్లాడే ఊరివాడు, సారుకు పాత దోస్తు. ఒక సీసాను 'అలిగిన అల్లుడు' అనేవాడు, ఇంకొకదాన్ని 'పండుగనాటి అత్త' అనేవాడు. అయితే రానురాను ఆయనకు రుచి సరిపోలేదు. ఇంట్లో ఒంటరిగా తాగడం మొదలుపెట్టాడు. చివరికి కడుపు ఉబ్బి ఆస్పత్రిలో పడ్డాడు. ఇంకొక్కసారి ముట్టుకుంటే బతకవని డాక్టరు చెప్పి పంపాడు. ఆ తరువాత ఆయన గడప దాటలేదు.

ఒకరోజు పట్వారీ భార్య సారు ఇంటికి వచ్చింది. నేనప్పుడు దస్తఖతుల కోసం అక్కడే ఉన్నాను.

"అన్నా, ఆయన పొద్దంత గోడ దిక్కే సూస్తుండు. తింటలేడు, మాట్లాడ్తలేడు. మీ కాడికి పంపిస్తె తాగుతడని భయం. పంపకుంటె మనిషే మిగలడని భయం. ఏం జెయ్యాలె?"

"పంపు చెల్లె. మాకు సాక పోసెటోడు లేడు. ఫికర్ జెయ్యకు" అన్నారు సారు.

ఆ ఆదివారం శంకర్‌రావు వచ్చాడు. వదులైన చొక్కాలో మనిషి ఎక్కడున్నాడో వెతుక్కోవాలి. సాక పోసి, దొప్ప లేకుండా కూర్చున్నాడు. కరీంనగర్ నుంచి వచ్చిన వెదురు బొంగుల కంట్రాక్టరు ఒకాయన ఆనాడు కొత్త అతిథి. పాపం, ఆయనకేమీ తెలియదు. తన దొప్ప నింపి రెండు చేతులతో శంకర్‌రావు ముందుకు చాచాడు.

"గిదేంది పట్వారీ, చేతులు ముడ్సుకోని కూసున్నవ్? ఒక్క చుక్కకే సస్తవా?"

రెండు చేతులా చాచినదాన్ని కాదంటే మా దిక్కున అది అవమానమే. శంకర్‌రావు చెయ్యి మెల్లగా లేచింది. గుమ్మంలో గుడాల పళ్లెంతో సారు భార్య లచ్చుమమ్మ అట్లాగే నిలబడిపోయింది. సారు అతిథిని కోప్పడితే అతిథి పరువు పోతుంది. జబ్బు సంగతి చెబితే దోస్తు పరువు పోతుంది. ఆయన రెండూ చేయలేదు. ఏటా జంగు పటేలు మొదటగా కాచే సీసా కోసం సారు ఏడాదంతా ఎదురుచూసేవారు. దానితో నిండిన తన దొప్పను ఎత్తి, కళ్లు మూసుకుని వాసన చూసి, మొత్తం నేలకు సాక పోశారు. ఖాళీ దొప్పను చాప మీద బోర్లించారు.

"ఇయ్యాల నాలుకకు సెలవు. అందరం ముక్కుతోనే."

కష్టపడి కాచిన జంగు పటేలు ఒక్క క్షణం చూశాడు. తన దొప్పనూ వంచి, బోర్లించాడు. నేనూ బోర్లించాను, నా నాలుకకు ఎట్లాగూ పెద్ద ఉద్యోగం లేదు.

"గిదేం రివాజు?" అన్నాడు కంట్రాక్టరు, చాచిన చేతులతోనే.

"మా ఇంటి రివాజు" అంది గుమ్మంలోంచి లచ్చుమమ్మ.

చాచిన దొప్ప తిరిగి వెళ్లి తానూ బోర్లపడింది. సీసాలు మాత్రం చేయి నుంచి చేయికి తిరిగాయి. శంకర్‌రావు ఒకటి అందుకుని చాలాసేపు వాసన పీల్చాడు. "అరే బాబా, గిది కడెం దిక్కుది! రాసిస్త!" అన్నాడు.

జంగు పటేలు తొడ చరిచాడు. "గది నేను తెచ్చిందే పట్వారీ! నీ కడుపుతోని ముక్కు సుత పాడైందా?"

శంకర్‌రావు నవ్వాడు. మొదట దగ్గులా వచ్చి, తరువాత అరుగంతా నిండిన నవ్వు. నా జీవితంలో కొందరు గొప్పవాళ్లను చూశాను, వాళ్ల మెడల్లో దండలూ చూశాను. నేను నోరు తెరుచుకుని చూసింది మాత్రం ఆ చాప మీద బోర్లపడి ఉన్న ఆకుదొప్పలనే.

అందరూ వెళ్లాక అడిగాను. "సారూ, ఏడాదంత ఎదురుసూసిన సీసా గదా?"

"మస్తు బాధైందయ్యా" అన్నారు సారు, పచ్చి నిజం చెబుతున్న ముఖంతో. "వాసన ఎట్లుండె, సూసినవ్ గదా!"

అప్పటి నుంచి శంకర్‌రావు ఒక్క ఆదివారమూ మానలేదు. దానివల్ల మా సారుకు, బదిలీ అయ్యేదాకా, మళ్లీ రుచి చూసే భాగ్యం కలగలేదు.

నేను ఇదంతా తలుచుకుంటుండగానే పక్కింటి సత్తయ్య పేపరు కోసం వచ్చాడు. చక్కెర జబ్బు మనిషి. మనవరాలు లడ్డూ అందించబోతే చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుని, దోషిలా నన్ను చూశాడు. నా చేతిలోని లడ్డూ నోటి దాకా వచ్చి ఉంది. దాన్ని తిరిగి డబ్బాలో పెట్టి, డబ్బా ఆయన ముక్కు కింద పట్టాను.

"జర వాసన సూడు సత్తన్నా. దేనిదో చెప్పు."

ఆయన కళ్లు మూసుకుని గట్టిగా పీల్చాడు. "ఖర్జూరం" అన్నాడు పూర్తి ధీమాతో.

నాకు మస్తు బాధైంది, లడ్డూ గురించి.