ప్రభుదాస్ ఫోటో మీది పట్టీ

తెనాలిలో ఇంటర్నెట్ సెంటర్ నడిపే ప్రభుదాస్‌కి ముప్పై ఆరేళ్లొచ్చినా పెళ్లి కాలేదు. మిగతావాళ్ల పెళ్లిళ్లు మాత్రం ఆయన చేతి మీదుగా కుదిరేవి. లూథరన్ సంఘం పెద్దలు అడిగితే, రెండువేల నాలుగులో సంబంధాల కోసం ఒక వెబ్ పేజీ తయారుచేసి పెట్టాడు. వరుసలు వరుసలుగా ఫోటోలు, కింద పేరూ ఊరూ ఉద్యోగం. పై వరుసలో నడిమధ్య తన ఫోటో పెట్టుకున్నాడు. దాని కుడిపక్క రేపల్లె మధుబాబు. సరిగ్గా తన ఫోటో కింద బాపట్ల టీచరు జెన్నిఫర్. ఆ అమ్మాయి ఫోటో మొదట ఆఖరి వరుసలో ఉండేది. అంత పైకి ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ముందుగా మధుబాబుకి కుదిరింది. ప్రభుదాస్ 'సంబంధం కుదిరింది' అని ఎర్రటి పట్టీ ఒకటి గీసి, మధుబాబు ఫోటో మీద ఏటవాలుగా అతికించాడు. పేజీలో ఒకదాని మీద ఒకటి పడితే ఏది పైనుండాలో అంకె వేసి చెప్పాలి. పెద్ద అంకెదే పైచేయి. పట్టీకి ఏకంగా నాలుగు తొమ్మిదులు వేశాడు. చోటు మాత్రం తెర ఎడమ అంచు నుంచి కొలిచాడు. ఆయన సెంటర్లోని పాత మానిటర్లన్నిట్లోనూ అది మధుబాబు మీద కండువా కప్పినట్టు కూర్చుంది.

సంఘంలో ఒకరిద్దరు చేయి కలిపి "సంతోషమండి" అన్నారు. పేజీ బావుందంటున్నారనుకుని మురిసిపోయాడు.

ఏడాది గడిచినా ఆయనకి సంబంధమంటూ ఒక్క ఫోనూ రాలేదు. మధుబాబు మాత్రం రేపల్లె నుంచి లబోదిబోమన్నాడు.

"అన్నా, పెళ్లైనోడికి ఇంకా సంబంధాలొస్తన్నాయేంటి? మా ఆవిడ చంపేసేట్టుంది!"

"చదవడం రానోళ్లురా. అంత పట్టీ కనపడదా?"

తనకి ఫోన్లు రాకపోవడానికి కారణం పలచబడ్డ జుట్టేననుకున్నాడు ప్రభుదాస్. టై కట్టుకుని ఫోటో మార్చాడు.

అప్పుడు జెన్నిఫర్ తండ్రి జ్ఞానానందం గారు ఫోన్ చేశారు. "మా అమ్మాయికి కుదిరిందండి. మీ పట్టీ వేసిపెట్టాలి."

తెనాలి నుంచే వేయొచ్చు. అయినా ఒక్కసారి చూసి రావాలనిపించి బాపట్ల రైలెక్కాడు.

జ్ఞానానందం గారు కాఫీ ఇచ్చి, కొత్త కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. ఆ తెర వెడల్పు ఎక్కువ. దాంతో ఫోటోలన్నీ నడుమకి సర్దుకుంటూ కుడికి జరిగాయి. అంచు నుంచి కొలిచిన పట్టీ మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. మధుబాబు శుభ్రంగా నవ్వుతున్నాడు. ప్రభుదాస్ మొహం మీద, టై మీద 'సంబంధం కుదిరింది'.

"మొదట మా అమ్మాయి మీ ఫోటోనే చూపించిందండి," అన్నారు జ్ఞానానందం గారు. "ఆయనకి కుదిరిపోయింది నాన్నా అని మళ్లీ తనే అంది. ఇంతకీ పెళ్లెప్పుడండీ?"

"ఇంకా... అనుకోలేదండి."

జెన్నిఫర్ జంతికల పళ్లెం తెచ్చి పెట్టి లోపలికి వెళ్లింది.

ప్రభుదాస్ అక్కడే కూర్చుని, పట్టీని తెర అంచుకి కాక ఫోటోకే కట్టాడు. ఫోటో ఎటు పోతే అదీ అటే. మధుబాబుది మధుబాబుకి చేరింది. జెన్నిఫర్‌కి కొత్తది పడింది. ఇక ఏ మానిటర్లో చూసినా అది ఆమె మీంచి కదలదు.

ఆ వారం నుంచి ఆయనకీ ఫోన్లు మొదలయ్యాయి. మొదటిది రేపల్లె నుంచి, ఒక పెద్దావిడ.

"బాబూ, నీకు కుదిరింది తప్పిపోయిందంటగా! ఏంటి నాయనా లోపం?"

"ఏం లేదు పిన్నిగారూ. పట్టీ జరిగిందంతే."

"అందరూ ఏదో ఒకటి అంటార్లే," అని ఆవిడ పెట్టేసింది. రెండోది దుగ్గిరాల నుంచి. వాళ్లూ అదే అడిగారు.