వయసులోంచి తీసేసిన నెలలు

మేడమీద గదిలో పిల్లల గౌన్లు కుట్టే అమ్మాయి ఆ రోజు ఆడపడుచు నోరు మూయించింది. ఇద్దరికీ ఒకే వారంలో కాన్పయింది. పధ్నాలుగు నెలలకి ఆడపడుచు కొడుకు "తాత, అత్త" అంటున్నాడు. ఈమె కూతురు గువ్వ ఉలకదు, పలకదు.

"ఏం వదినా, నీ కూతురు మాటలు బీరువాలో దాచుకుందా?" అంది ఆడపడుచు, మెట్ల మీద పదిమందీ వింటుండగా.

గౌన్లమ్మాయి మిషను ఆపి బయటికొచ్చింది. "నీ వాడు నెలలు నిండి పుట్టాడు. నా బిడ్డ రెండున్నర నెలలు ముందే వచ్చింది. అవి తీసేసి చూడమన్నారు డాక్టరు గారు. ఆ లెక్కన దానికింకా ఏడాదే నిండలేదు. తీసివేతలు రావా నీకు?"

ఆడపడుచు మొహం మాడిపోయింది. అందరికంటే గట్టిగా నవ్వింది కింద వాటాలో ఉండే నేనే.

డాక్టరు ఆ మాట అన్నది నిజమే. కాకపోతే రెండేళ్ళు నిండేదాకే అన్నాడు. ఆ ముక్క ఈమె చెవికెక్కలేదు. పిల్ల ఎదిగితే విప్పుకోవచ్చని ప్రతి గౌనుకీ లోపల నాలుగు వేళ్ళ గుడ్డ మడిచి కుట్టే చెయ్యి అది. బిడ్డ వయసునీ అలాగే మడిచి పెట్టుకుంది.

రెండేళ్ళొచ్చాయి. గువ్వ నీళ్ళకీ "అ" అనేది, అమ్మకీ "అ" అనేది. పుట్టినప్పుడు చెవుల పరీక్ష సరిగ్గా తేలలేదు, మళ్ళీ తీసుకురమ్మని ఆస్పత్రి నుంచి ఫోను. "దానికింకా వయసు రాలేదండీ" అని పెట్టేసింది. మొగుడు ఒకసారి చూపిద్దామే అంటే, "మీ అన్నాచెల్లెళ్ళది ఒకటే పాట!" అని కసిరింది. మూడేళ్ళు దాటాక, గువ్వ ఆస్పత్రిలో గాజుపెట్టెలో పడుకున్న నలభై రోజులు కూడా తీసేసింది. జ్వరాలొచ్చిన వారాలు తీసేసింది. నాలుగేళ్ళ పిల్లని మూడున్నరకి దించింది.

బడిలో వేయబోతే టీచరమ్మ గువ్వ వెనక నిలబడి చప్పట్లు చరిచింది. పిల్ల తిరగలేదు.

ఆస్పత్రిలో రెండు చెవులూ బాగా మందమన్నారు. "ఇన్నాళ్ళేం చేశారమ్మా? మాట పట్టే వయసు చాలావరకు దాటిపోయింది. చెవి మిషను పెడదాం. ఏ మాత్రం వస్తుందో చెప్పలేను" అన్నాడు డాక్టరు.

"రెండున్నర నెలలు తీసేసి చూడండి డాక్టరు గారూ" అందిట.

ఆయన కాగితం మీంచి తల ఎత్తలేదుట.

అప్పట్నుంచి మేడమీద కుట్టు మిషను చప్పుడొకటే. ఆడపడుచు మెట్ల మీద ఎదురైనా ఈమే పక్కకి జరిగి దారిస్తుంది. దెప్పడానికి ఆవిడకీ మనసొప్పడం లేదు, అంత అధ్వానంగా ఉంది వాలకం.

నిన్న కిందికొచ్చి నా గుమ్మంలో కూలబడింది.

"మామ్మగారూ, బుధవారం గువ్వకి చెవి మిషను పెట్టి, వెనకనుంచి పేరు పెట్టి పిలిపిస్తారుట. మీరు గొంతెత్తితే వీధి చివరికి వినిపిస్తుంది కదా. నేను పిలిచి అది తిరక్కపోతే తట్టుకోలేను. మీరొచ్చి పిలవండి."