బోల్టు కింద రంగు

ఆయన్ని వీధిలో అందరూ కరెంటు అనే పిలుస్తారు. బళ్ళకు వైరింగు పని చేస్తాడని కొంత, దగ్గరికెళ్తే కోపం షాకు కొడుతుందని కొంత. షెడ్డులో గోడ మీద ఆయన రాయించుకున్న బోర్డు ఒకటుంది: ‘ముందు ఎర్తు చూడు.’ అక్షరాలు బావ రాసినవే. బావ, అంటే అక్క మొగుడు, బోర్డులు రాసే పెయింటరు, నోట్లో నాలుక లేని మనిషి.

ఆ రోజు పొద్దుటి నుంచి కరెంటు అక్కగారి పికప్ వెనక కూర్చుని తల బాదుకుంటున్నాడు. అక్క ఆ బండి మీదే మొక్కల కుండీలు వేసుకుని ఇంటింటికీ తిరిగి అమ్ముతుంది. మధ్యాహ్నం రెండింటికి ఫిట్‌నెస్ పరీక్ష. ఒకసారి తుప్పుకీ, ఒకసారి బ్రేకులకీ బండిని వెనక్కి పంపారు. మూడోసారి కూడా తప్పితే ఇక తుక్కుకే వెయ్యమని చెప్పేశారు. తుప్పు గీకించి, బావ చేత రంగు వేయించి, పెళ్ళికొడుకులా తయారుచేస్తే ఇప్పుడు వెనక లైట్లు మొరాయించాయి. బ్రేకు తొక్కితే ఇండికేటర్లు మిణుకుమంటున్నాయి. పెద్ద లైట్లు వేస్తే బ్రేకు లైటు చచ్చిపోతోంది.

బల్బులు మార్చాడు. ఫ్యూజులు మార్చాడు. బ్రేకు స్విచ్చి కూడా మార్చాడు. మార్చిన ప్రతిసారీ అక్కను తొక్కమనడం, వెనక్కి పరిగెత్తి చూడడం, తిట్టుకోవడం. తిట్లన్నీ బావకే. రంగు వేసే హడావిడిలో ఏ వైరో లాగేసి ఉంటావన్నాడు, కుంచె పట్టుకునే చేతులకు బండెందుకన్నాడు. బావ రెండుసార్లు ఏదో చెప్పబోయాడు. రెండుసార్లూ కరెంటు చెయ్యి అడ్డంపెట్టి, ముందు నన్ను పని చేసుకోనివ్వమన్నాడు. బండి ఇనుముకు కలిపే ఎర్తు వైరు వైపు మాత్రం చూడలేదు. నెల క్రితం తానే బిగించాడు కదా, తను బిగించింది వదులవడమా!

పన్నెండున్నరకి లైటు హోల్డరు ఊడదీసి నేలకేసి కొట్టాడు. అప్పుడు అక్క కిటికీలోంచి తల బయటపెట్టింది.

“ఒరేయ్, కాసేపు నోరు కట్టిపెట్టు. ఆయనేదో చెబుతున్నాడు.”

బావ గొంతు సవరించుకున్నాడు. “వెనక చాసిస్‌కి ఒక నల్ల వైరు ఉంది కదా. అది విప్పి, బోల్టు కింద కూడా రెండు పూతలు వేసి మళ్ళీ బిగించాను. దానివల్ల ఏమైనా...”

కరెంటుకు ఒళ్ళు మండిపోయింది. ఎర్తు వైరు ఇనుముకు తగలకుండా రంగు మీద కూర్చుంటే లైట్లు సరిగ్గా ఎక్కడ వెలుగుతాయి! ఆ పని చెయ్యమని నీకెవడు చెప్పాడని అరవబోయి ఆగిపోయాడు. చెప్పిన వాడెవడో గుర్తొచ్చింది. పది రోజుల క్రితం తానే, చెవి దగ్గర ఫోను పెట్టుకుని, బావ వైపు తిరక్కుండానే అన్నాడు: తుప్పు పట్టేస్తుంది బావా, ఏదీ వదలకు, బోల్టులన్నీ విప్పి కింద కూడా వెయ్యి.

బండి కిందికి దూరాడు. బోల్టు విప్పి, ఇనుము మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్ది బిగించాడు. హోల్డరు ఏరి తెచ్చి పెట్టాడు. అక్క బ్రేకు తొక్కింది. రెండు లైట్లూ ఎర్రగా, నిండుగా వెలిగాయి.

“ఏమైందిరా ఇంతకీ?” అంది అక్క.

వైరు వదులైందని చెప్పేస్తే సరిపోయేది. బావ కూడా ఆ మాటకు తలూపేవాడే. అది తెలిసే కరెంటుకు మరీ సిగ్గేసింది.

“నేనే అక్కా. బోల్టు కింద వెయ్యమన్నది నేనే. బావ నేను చెప్పింది చేశాడు.”

ఇరవై ఏళ్ళలో తమ్ముడి నోట అలాంటి మాట వినని అక్క, అతన్ని ఒకసారి తేరిపార చూసి బండి స్టార్టు చేసింది. మూడున్నరకి పాసయిందని ఫోను చేసింది. కరెంటు షెడ్డు మెట్టు మీద కూలబడ్డాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బావ మాత్రం గోడ మీది బోర్డునే చూస్తూ నిలబడ్డాడు.

“అక్షరాలు వెలిసిపోయాయి,” అన్నాడు చివరికి. “రేపొచ్చి పెద్దగా రాసిపెడతాను. నీకు కనబడేలా.”