నమలకూడని ముద్ద

మాది గుంటూరు వైపు. పెళ్ళయ్యేదాకా సంగటి అన్న మాట వినడమే కానీ తినలేదు. కడప జిల్లాలోని అత్తవారింట్లో మూడో రోజు మధ్యాహ్నం నా కంచంలో పిడికిలికి రెండింతలున్న ముద్దొకటి పెట్టి, నడుమ గుంట చేసి నెయ్యి పోసి, పక్కన నాటుకోడి పులుసు వడ్డించారు. నేను ఓ ముక్క తుంచి నోట్లో వేసుకుని శుభ్రంగా నమలడం మొదలుపెట్టాను. అది పళ్ళకీ అంగిటికీ అంటుకుపోయింది. నాలుకతో పీక్కుంటూ నేను అవస్థ పడుతుంటే పంక్తిలో ఉన్నవాళ్ళంతా ఒకటే నవ్వు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఆయన మాత్రం నవ్వలేదు. తన ముద్దలోంచి చిన్న ఉండ తీసి, పులుసులో ముంచి, గుటుక్కున మింగి చూపించాడు.

"నమలద్దుమే. మింగు. పులుసే తోసుకోని పోతాది."

ఆ నవ్వులు గుర్తుపెట్టుకుని పంతంతో నేర్చుకున్నాను ఆ వంట. బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండి గుట్టగా పోసి, మూతపెట్టి, ఆవిరి పట్టాక తెడ్డుతో గెలకాలి. ఒక్క ఉండ కట్టకూడదు. భుజం పడిపోయేదాకా గెలికితేగాని ముద్ద నిగనిగలాడదు. బ్రిస్బేన్ వచ్చేటప్పుడు అత్తగారి తెడ్డే పెట్టెలో పెట్టుకొచ్చాను. ఎయిర్‌పోర్టులో క్వారంటైన్ అమ్మాయి దాన్ని తిప్పి తిప్పి చూసి, పురుగు లేదని తేల్చుకుని ఇచ్చింది. ఇక స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఇల్లు కట్టుకున్నప్పటి నుంచీ ఆదివారం మధ్యాహ్నమంటే మా ఇంట్లో సంగటే. కోడి కోసం ఇనాలా వెళ్ళేదాన్ని. అక్కడ ఒక వియత్నాం ఆవిడ గుడ్లు పెట్టడం మానేసిన ముసలి కోళ్ళు అమ్ముతుంది. ఎంత ఉడికించినా మొండిగా ఉంటుంది ఆ మాంసం, అచ్చం మా ఆయనలాగే. మా అమ్మాయి యూనివర్సిటీకి వెళ్ళే వయసొచ్చినా ఆదివారం మాత్రం ఎక్కడికీ కదిలేది కాదు. ఇక్కడ పుట్టిన పిల్ల, తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తుంది. సంగటి మాత్రం వాళ్ళ నాన్న కన్నా నున్నగా మింగుతుంది.

పోయిన ఏడాది ఈస్టర్ సెలవుల్లో ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. మాట ముద్దగా అయింది. అన్నిటికంటే పాడు సంగతి, గొంతు సరిగ్గా పనిచేయడం మానేసింది. మంచినీళ్ళలో కూడా పొడి కలిపి చిక్కగా చేసి స్పూనుతో పట్టాలి. ఆరు వారాల తర్వాత ఇంటికి పంపుతూ, మింగడం నేర్పే థెరపిస్టు నా చేతికో కాగితం ఇచ్చింది. పాతికేళ్ళ పిల్ల, ఓపిగ్గా చెప్పింది. మెత్తగా ఉండాలి, నున్నగా ఉండాలి, నమిలే పని ఉండకూడదు. అతుక్కునేవి పెట్టకూడదు. ఆ మాట పక్కన బ్రెడ్డు మీద పీనట్ బటర్ పూసిన బొమ్మ ఉంది. నేను ఆ బొమ్మ చూసి, ఇవి మా ఇంట్లో తినేవే కావులే అనుకున్నాను. నా మొహం.

రెండు నెలలు గుమ్మడికాయ గుజ్జు, బఠాణీ గుజ్జు, కోడిమాంసం గుజ్జు. దాన్ని తిండి అన్నవాళ్ళకి ఒక పూట అదే పెట్టాలి. స్పూను చూడగానే ఆయన మొహం గోడవైపు తిప్పుకునేవాడు. ఉన్న చొక్కాలన్నీ వదులైపోయాయి. బతిమాలాను, కోప్పడ్డాను, ఒకరోజు గిన్నె సింకులో విసిరికొట్టాను కూడా. అప్పుడన్నాడు, అక్షరం అక్షరం కూడగట్టుకుని.

"సం...గటి."

నా ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళూ నాకెందుకు తట్టలేదా అనుకున్నాను. మెత్తనిది. నున్ననిది. నమిలే పనే లేనిది. ముప్ఫై ఏళ్ళ కింద నన్ను కూర్చోబెట్టి నమలద్దు అని నేర్పించింది ఈయనే కదా! ఆ కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద నా కళ్ళెదురుగానే ఉంది. నేను ఇంకోసారి చదవలేదు.

అంబలిలా జారుగా చేసినా సరిపోయేదేమో. కానీ నాకు రోషం. జారుగా చేస్తే ఇదేం సంగటిమే అంటాడని, గట్టిగా, మా అత్తగారు చేసినట్టే చేశాను. పులుసు వడగట్టాను, ముక్కలు తీసేశాను, అంతవరకే నా బుద్ధి పనిచేసింది. గోలీకాయంత ఉండ చేసి పులుసులో ముంచి నోట్లో పెట్టాను. మింగాడు! కళ్ళు మూసుకుని మింగాడు. రెండోది మింగాడు. మూడోదానికి తల అడ్డంగా ఊపాడు. చాలన్నాడు. మనవాళ్ళం చాలంటే ఊరుకుంటామా? మొహమాటానికి అంటున్నారనుకుని ఇంకోటి వడ్డించే జాతి కదా మనది.

"ఒక్కటండీ, ఈ ఒక్కటీ" అని పెట్టాను.

అది అడ్డం పడింది. దగ్గు కూడా రాలేదు. పెదాలు నల్లబడ్డాయి. వీపు మీద గుద్దడం తప్ప నాకేం తోచలేదు. అమ్మాయి అంబులెన్సు కోసం ట్రిపుల్ జీరోకి ఫోన్ చేసి, అవతలివాళ్ళు చెప్పినట్టల్లా చేసింది. ముద్ద బయటికొచ్చింది. పులుసు మాత్రం ఊపిరితిత్తుల్లోకి పోయింది. న్యుమోనియా వచ్చి పదిహేడు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు.

ఆ థెరపిస్టు పిల్లే వచ్చి ఏం తిన్నారని అడిగింది. చెప్పాను. రాగిపిండి ముద్ద, మేం నమలం, అలాగే మింగేస్తాం అన్నాను. రాసుకుంటున్న పెన్ను ఆగిపోయింది.

"నమలకుండా? ఉన్నదున్నట్టుగానా?"

"అవునమ్మా. నమిలితే అంటుకుంటుంది."

నా మాట నా చెవిన పడింది. నమిలితే అంటుకుంటుంది. పెళ్ళయిన మూడో రోజే నా అంగిటికి అంటుకుపోయి నేర్పిన సంగతి అది. ఆ పిల్ల నన్ను తిట్టి ఉంటే బాగుండేది. చెప్పినందుకు థాంక్స్ అంది.

ఇప్పుడు ఆయన పొట్టకి గొట్టం పెట్టారు. డబ్బా పాలలాంటిది మిషన్ లోపలికి పంపుతుంది. నోటికి ఏదీ ఇవ్వకూడదు. మళ్ళీ ఎప్పుడివ్వచ్చని అడిగితే, చూద్దాం అన్నారు. మొన్న మళ్ళీ పరీక్ష చేసి, ఇక ఆ ఆశ పెట్టుకోవద్దన్నారు డాక్టర్లు. ఇక లేదు, అంతే. ఆ మనిషి ఈ జన్మలో నా చేతి ముద్ద తినడు.

నేను పొయ్యి వెలిగించడం మానేశాను. పోపు వాసన ఆయన మంచం దాకా పోతే నేను భరించలేను. అమ్మాయి నూడుల్స్ డబ్బాలు తెచ్చుకుని గరాజ్‌లో, కారులో కూర్చుని తినేది. నేను నిలబడి మజ్జిగన్నం మింగేదాన్ని. నెల రోజులు అలా దొంగతిండి తిన్నాం ఇద్దరం. ఒకరోజు ఆయన ఎడమకాలితో వీల్‌చైర్ తోసుకుంటూ వచ్చి గరాజ్ తలుపు తీశాడు. ఒళ్ళో డబ్బా పెట్టుకున్న కూతుర్ని చూశాడు. వెనకాలే వచ్చిన నావైపు తిరిగి, ఎడమచేతిని గాలిలో గుండ్రంగా తిప్పాడు. గెలకమని.

"వల్ల కాదండీ" అన్నాను.

"వం...డు" అన్నాడు. ఆ కోపం నాకు తెలుసు. పాత కోపమే.

ఆదివారం వండాను. అత్తగారి తెడ్డుతోనే గెలికాను. ఆయన బల్ల దగ్గర తన చోటే కూర్చున్నాడు, ఎదురుగా కంచం లేకుండా, పక్కన మిషన్ గురగురమంటుండగా. అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూనే మొదటి ముద్ద మింగింది.

"ఇట్స్ గుడ్, నాన్నా" అంది. ఆయన తలూపాడు. తర్వాత నావైపు చూశాడు.

ఉండ చేసి, పులుసులో ముంచి, నోట్లో పెట్టుకున్నాను. గొంతు దిగదే! ఆయన పెదాలు నల్లబడ్డ ఆ క్షణమే కళ్ళముందు. ఏం చేయాలో తెలియక నమిలాను. పళ్ళకీ అంగిటికీ అంటుకుపోయింది.

ఆయన బల్ల మీదుగా ఎడమచెయ్యి చాచి నా మణికట్టు పట్టుకున్నాడు. చాలాసేపు పెదాలు కదిలించాక మాట వచ్చింది.

"నమ...లద్దుమే. మిం...గు."

నేను నములుతూనే ఉన్నాను.